విశాఖ రేవు బురదపురుగు - దాని పేరు

తెలుగున ‘పురుగు’ అను మాట మిక్కిలి ఉదారమైనది. పట్టునిచ్చునదియు పురుగే, చీకటిలో మినుకుమినుకుమనునదియు పురుగే, బియ్యమున చేరునదియు పురుగే. నిజమునకు ఈ మూడును కీటకములు. స్వీడను దేశీయుడగు లినేయస్ 1758లో ఇంచుమించు ఇట్టి పనియే చేసెను. వెన్నెముక గల జంతువులను, కీళ్లకాళ్ల జంతువులను తీసివైచి, మిగిలిన నత్తలు, నక్షత్రచేపలు, వానపాములు మున్నగు వానినన్నింటిని ‘వెర్మిస్’, అనగా పురుగులు, అను ఒకే గంపలో వేసెను. కొయ్య పడవలను తొలిచివేయు టెరెడో అను ఓడపురుగు కూడ ఆ గంపలోనిదే. చూపునకది పురుగే గాని, తలవైపున రెండు చిన్న పెంకులు గలవు. వానితోనే కొయ్యను గీకుచు లోనికి పోవును. కావున అది ఆల్చిప్పల బంధువు.

తరువాతివారు ఈ గంపను విడదీసి, వలయములు పేర్చినట్లు ఖండితములుగా శరీరము గలవానిని అనెలిడా వర్గమున చేర్చిరి. వానపాము, జలగ ఇందలివే. సముద్రమున నుండు అనెలిడులలో హెచ్చు పాలు పాలికీట్లు, అనగా పెక్కు శూకములు గలవి. వీనిలో ఇంతవరకు పదివేలకు పైగా జాతులకు పేర్లు పెట్టిరి. జంతుశాస్త్ర విద్యార్థులెరిగిన నీరిస్ వీనిలోనిదే.

విశాఖపట్టణపు రేవును 1933లో ఓడలకు తెరచిరి. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకైన కాలువ గుండా లోపలి రేవునకు సముద్రపు నీరు వచ్చుచు పోవుచుండును. ఆ నీరు చాలినంతగా మారదు. ఊరి మురుగు, పరిశ్రమల వ్యర్థములు చేరి అడుగున బురద కుళ్లును. ఈ బురదలోని పాలికీట్లపై కాలుష్య ప్రభావమును గూర్చి రామన్, గణపతి అను శాస్త్రజ్ఞులు 1983లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఇట్టి తావుల చర్చలో తరచు వినవచ్చు పేరు ‘కాపిటెల్లా కాపిటేటా’. ఎర్రని దారపు పోగువంటి చిన్న పురుగిది. మొప్పలు లేవు. రక్తవర్ణకమగు హీమోగ్లోబిన్ ఉండుటచే ప్రాణవాయువు కొరవడిన చోటను మనగలదు. ఇతర జీవులు నశించిన బురదలో ఇది వేలకొలదిగా పెరుగును. అందుచే ఇది కనుపించినచో నీరు చెడినదని లోకమంతట గుర్తుగా వాడుకొనిరి.

దీని పూర్తి పేరు చివర ‘(ఫాబ్రిషియస్, 1780)’ అని వ్రాయుదురు. ఆ కుండలీకరణములు అలంకారమునకు కావు. గ్రీన్లాండులో మత ప్రచారకుడుగా నుండిన ఒట్టో ఫాబ్రిషియస్ దీనిని 1780లో వర్ణించి, వానపాముల ప్రజాతిలో చేర్చి, ‘లంబ్రికస్ కాపిటేటస్’ అనెను. 1828లో బ్లెయిన్‌విల్ దీనికై కాపిటెల్లా అను కొత్త ప్రజాతిని ఏర్పరచెను. జాతి పేరు పాతది, ప్రజాతి కొత్తది; అట్లు ఇల్లు మారిన జాతికి మొదట పేరు పెట్టినవానిని కుండలీకరణములలో చూపుట నియమము. వాడుకలో విద్యార్థులు దీనిని లక్ష్యపెట్టరు గాని, ఒక్క గుర్తులో ఇంత చరిత్ర ఇమిడియున్నది.

గ్రీన్లాండు మంచునీటి పురుగును, విశాఖ ఉప్పు బురదలోని పురుగును ఒకే జాతి యగునా? 1976లో అమెరికాలోని గ్రాసిల్ దంపతులు మసాచుసెట్స్ తీరపు కాపిటెల్లాలను పెంచి చూచిరి. కంటికి ఒకటే. కాని గ్రుడ్ల పరిమాణము, డింభకముల జీవితము, ఎంజైములు వేరు. ఒక్క పేరు క్రింద ఆరు జాతులు దాగియున్నవని తేలెను! శరీర నిర్మాణము నొక్కదానినే నమ్ముకొన్న వర్గీకరణకు ఇది గట్టి దెబ్బ.

ఇట్టి తగవు తీర్చుటకు శాస్త్రజ్ఞులకొక సాధనము కలదు. ప్రతి జాతి పేరునకు ఒక ప్రమాణ నమూనా ఉండవలెను. పేరు ఆ నమూనాకు కట్టుబడును, వర్ణనకు కాదు. ఫాబ్రిషియస్ నాటి నమూనా మిగులలేదు గనుక, బ్లేక్ అను శాస్త్రజ్ఞుడు 2009లో పశ్చిమ గ్రీన్లాండు పురుగునొకదానిని ప్రమాణముగా నిలిపి, జాతిని మరల వర్ణించెను. దానిచే అసలు కాపిటేటా ఉత్తర ధ్రువ ప్రాంతములకు, వాని పొరుగు సముద్రములకు పరిమితమయ్యెను. ఉష్ణమండలపు రేవులలో ఆ పేరుతో వ్రాసికొన్న లెక్కలన్నియు ఇప్పుడు ప్రశ్నార్థకములే.

ఇందువలన పాత కొలతలు వ్యర్థములని కాదు. బురద కుళ్లినదనుట నిజమే, పురుగు పెరిగినదనుటయు నిజమే. అయితే విశాఖ పురుగును మరియొక దేశపు పురుగుతో పోల్చి, ఇంత మురుగు సహించునని చెప్పుట చెల్లదు. రెండును రెండు జాతులైనచో వాని ఓర్పును వేరుగా నుండవచ్చును. అందుచే జాగ్రత్తపరులు ‘కాపిటెల్లా కాపిటేటా జాతుల సముదాయము’ అని మాత్రమే వ్రాయుదురు. నమూనాలను ఫార్మలిన్‌లో మాత్రమే ఉంచుటయు ఇప్పుడు చాలదు. ఆకారము చక్కగా నిలుచును గాని, డి.ఎన్.ఎ. చెడును. కొన్నింటిని ఆల్కహాలులో వేరుగా నుంచి, సీసాపై తావు, తేదీ, లోతు వ్రాసిపెట్టినచో, రేపు ఆ పేరును పరీక్షించువారికి ఆధారముండును.