రెండో ఏడాది గండం!

మొదటి ఏడాది తెర మీద 'హలో వరల్డ్' కనిపించగానే మురిసిపోయిన పిల్లలే, రెండో ఏడాదికి వచ్చేసరికి కంప్యూటర్ ముందు తల పట్టుకు కూర్చుంటారు. ఇంతకీ ఆ క్లాసులో ఏం చెబుతారు? అంత కష్టం దేనికి?

"మావాడు మూడు గంటలుగా కంప్యూటర్ ముందే ఉన్నాడండీ. ఒక్క అక్షరం కొట్టలేదు. చదువుతున్నాడంటారా?"
సీఎస్ఈ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ సందేహం ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. లెక్కలు చేస్తుంటే కాయితాలు నిండుతాయి. ఫిజిక్స్ చదువుతుంటే పేజీలు తిరుగుతాయి. ప్రోగ్రామింగ్‌లో అలాంటి గుర్తులేవీ కనపడవు. రాసింది నలభై లైన్లు. అందులో ఎక్కడో తప్పుంది. అది ఎక్కడుందో పట్టుకోవడానికే ఆ మూడు గంటలూ. నిజానికి ఆ రోజు మొత్తమ్మీద అతను చదివిన అసలు చదువు అదే.

మొదటి ఏడాది పని చాలావరకు భాష నేర్చుకోవడమే. ఇంగ్లిష్ అంటే భయపడే తెలుగు మీడియం పిల్లలకు ఇక్కడో ఊరట కూడా ఉంది. సీ భాషకు తొలి ప్రమాణం ఖరారైనప్పుడు దాని సొంత పదాలు 32 మాత్రమే. ఎక్కం నేర్చినంత తేలిగ్గా వచ్చేస్తాయి. చిక్కంతా తర్వాతే. డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్, జావా లేదా సీ ప్లస్ ప్లస్... కాలేజీని బట్టి పేపర్ల పేర్లు మారినా విషయం ఒక్కటే. నిన్నటిదాకా వాక్యాలు రాయడం నేర్పి, ఇవాళ్టి నుంచి నవల రాయమనడం లాంటిది.

ఇల్లు వేరు, చిరునామా వేరు

మొట్టమొదట బెదరగొట్టేది పాయింటర్. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషకు బలమూ అదే, బాధా అదే. విషయం చెప్పుకుంటే చిన్నదే. కంప్యూటర్ మెమరీలో ప్రతి గదికీ ఓ నంబరుంటుంది. గదిలో ఉన్న సరుకు ఒకటి, గది నంబరు రాసుకున్న చీటీ ఒకటి. ఆ చీటీయే పాయింటర్.

ఇల్లు కూలగొట్టాక పాత చిరునామా పట్టుకుని వెళితే ఏమవుతుంది? ఖాళీ స్థలం ఉండొచ్చు. అక్కడ ఇంకెవరో ఇల్లు కట్టుకుని ఉండొచ్చు. ప్రోగ్రాములోనూ అంతే. వదిలేసిన గదిలోకి పాత చీటీతో వెళితే ఒక్కోసారి ఏమీ కాదు, ఒక్కోసారి మొత్తం కుప్పకూలుతుంది. రాత్రి హాస్టల్లో చక్కగా నడిచిన ప్రోగ్రాము, పొద్దున ల్యాబ్‌లో ఎక్స్‌టర్నల్ ముందు మొరాయించడం వెనక చాలాసార్లు ఉండే కథ ఇదే. దిష్టి తగలడం కాదు!

ఎక్కడికీ దారి చూపని ఖాళీ చీటీతోనూ తంటాలే. ఆ ఏర్పాటును 1965లో ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో దాన్ని తన 'వంద కోట్ల డాలర్ల తప్పిదం' అని చెప్పుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషే అంతమాట అన్నప్పుడు, మన పిల్లాడు ఓ వారం తికమక పడితే కంగారెందుకు?

500 కోట్లా... 17 లక్షలా?

పాయింటర్ల గొడవ సర్దుకునేలోపు రెండో పాఠం మొదలవుతుంది. ప్రోగ్రాము సరైన జవాబిస్తే చాలదు, అది తెల్లారేలోపు రావాలి!

లక్షమంది విద్యార్థుల మార్కులున్నాయనుకోండి. ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో పెట్టాలి. పిల్లలు ముందుగా నేర్చుకునేది బబుల్ సార్ట్. పక్కపక్కన ఉన్న రెంటినీ పోల్చడం, తారుమారుగా ఉంటే మార్చడం, అంతే. పదిమంది మార్కులకైతే బ్రహ్మాండంగా ఉంటుంది. లక్షకు వచ్చేసరికి పోలికలు సుమారు 500 కోట్లు. అదే జాబితాను సగాలు సగాలుగా విడగొట్టి, విడివిడిగా సర్ది, మళ్లీ కలిపే మెర్జ్ సార్ట్‌కు 17 లక్షలు సరిపోతాయి. యంత్రం అదే, కరెంటు అదే. తేడా అంతా ఆలోచనలోనే. ఎంత ఖరీదైన కంప్యూటర్ కొనిచ్చినా మొదటి పద్ధతికి ఈ వేగం రాదు. ల్యాప్‌టాప్ కొనేముందు తల్లిదండ్రులు ఓసారి ఆలోచించాల్సిన లెక్క ఇది.

ఈ సర్దుబాటు పద్ధతుల్లో బాగా పేరున్న క్విక్‌సార్ట్ పుట్టిందీ ఓ విద్యార్థి అవసరంలోంచే. ఇందాక చెప్పుకున్న టోనీ హోర్ మాస్కోలో చదువుకుంటున్న రోజుల్లో, రష్యన్ వాక్యాలను యంత్రంతో అనువదించే పని మీద ఉన్నారు. నిఘంటువులో వెతకాలంటే ముందు వాక్యంలోని పదాల్ని అక్షర క్రమంలో పెట్టుకోవాలి. అందుకోసం ఆలోచించిందే క్విక్‌సార్ట్. డైక్‌స్ట్రా కథ మరీ చిత్రం. 1956లో కాబోయే భార్యతో ఆమ్‌స్టర్‌డామ్ బజార్లు తిరిగి, అలసి, కాఫీకి కూర్చున్నప్పుడు... ఓ ఊరి నుంచి ఇంకో ఊరికి దగ్గరి దారి కనిపెట్టే పద్ధతి ఆయనకు తట్టింది. పట్టింది 20 నిమిషాలు. కాయితం లేదు, కలం లేదు. ఆ పద్ధతినే ఇవాళ మన పిల్లలు పరీక్షలో పది మార్కులకు రాస్తున్నారు.

రికర్షన్ సంగతి కూడా చెప్పుకోవాలి. సినిమా టికెట్ల లైన్లో నిలబడ్డారు. మీరు ఎన్నో మనిషో తెలీదు. ముందున్నాయన్ని అడిగారు. ఆయనకీ తెలీదు, తన ముందాయన్ని అడిగాడు. అలా ప్రశ్న కౌంటర్ దాకా పోతుంది. అక్కడున్నాయన 'నేను ఒకటో వాణ్ని' అంటాడు. జవాబు ఒక్కొక్కటి కలుపుకుంటూ వెనక్కి వస్తుంది. ఎవరూ లైను మొత్తం లెక్కపెట్టలేదు, అయినా లెక్క తేలింది! లైను గుండ్రంగా ఉండి మొదటి మనిషే లేకపోతే మాత్రం ప్రశ్న తిరుగుతూనే ఉంటుంది, ప్రోగ్రాము పడిపోతుంది. ఫిబొనాచి వరుసలో 40వ సంఖ్యను ఇలా అమాయకంగా రికర్షన్‌తో అడిగి చూడండి. ఆ ఫంక్షన్ తనను తాను 33 కోట్లసార్లు పిలుచుకుంటుంది. మామూలు లూప్ నలభై అడుగుల్లో తేల్చేస్తుంది. క్లాసులో ఆ రెండింటినీ పక్కపక్కన నడిపి చూపించే మాస్టారు దొరికితే పిల్లల అదృష్టం.

దిగ్గజాలకే దొరకని తప్పు

'బైనరీ సెర్చ్ ఎంతసేపు, ఐదు నిమిషాల పని' అంటారు పిల్లలు. నిఘంటువులో పదం వెతికే పద్ధతే. మధ్యలో తెరవాలి, ముందుకా వెనక్కా చూడాలి, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయాలి. పది లక్షల పేర్లున్నా 20 అడుగుల్లో దొరికిపోతుంది. ఈ ఆలోచన 1946లోనే అచ్చయింది. కానీ జాబితా ఏ పొడవున్నా సరిగ్గా పనిచేసే రూపం వెలువడింది 1962లోనని డొనాల్డ్ నూత్ రాశారు. జాన్ బెంట్లీ అనే నిపుణుడు ఉద్యోగాలు చేస్తున్న ప్రోగ్రామర్లకే ఇది రాయమని ఇచ్చి రెండు గంటలు సమయమిస్తే, నూటికి తొంభైమంది రాసినదాంట్లో తప్పులు తేలాయి.

అసలు మెలిక ఇంకా ఉంది. 2006లో జాషువా బ్లాక్ ఓ సంగతి బయటపెట్టారు. జావాతో పాటు వచ్చే బైనరీ సెర్చ్‌లోనే తొమ్మిదేళ్లుగా ఓ తప్పు దాక్కుని ఉందని! రాసింది వేరెవరో కాదు, ఆయనే. మధ్య స్థానం కోసం మొదటి నంబరునూ చివరి నంబరునూ కలిపి రెండుతో భాగిస్తారు కదా. జాబితా వంద కోట్లు దాటితే ఆ కూడిక, సంఖ్య పట్టే పెట్టెను మించిపోయి రుణ సంఖ్యగా మారుతుంది. బెంట్లీ పుస్తకంలో 'సరైనది' అని ఇచ్చిన ప్రోగ్రాములోనూ అదే పొరపాటు.

మన ల్యాబుల్లో ఏళ్ల తరబడి వెలిగిన టర్బో సీ నీలం తెర గుర్తుందా? అందులో మామూలు పూర్ణసంఖ్య 32,767 దాటదు. ఒకటి కలిపితే మైనస్ 32,768! పిల్లలు నవ్వుకునే ఈ చిత్రానికి దగ్గరి చుట్టమే 1996 జూన్ 4న ఐరోపా వారి ఏరియాన్-5 రాకెట్‌ను పొట్టన పెట్టుకుంది. పెద్ద సంఖ్యను 16 బిట్ల పెట్టెలో కూర్చబోతే పట్టలేదు. దిశ చెప్పే వ్యవస్థ మూగబోయింది. ఎగిరిన నిమిషంలోపే రాకెట్ ముక్కలైంది.

రికార్డు నిండితే చదువైనట్టేనా?

ఇంత రుచికరమైన సబ్జెక్టు చాలా కాలేజీల్లో ఎలా చప్పబడిపోతుందో చూడాలంటే ల్యాబ్ రికార్డు తెరవండి. సీనియర్ రికార్డు చూసి జూనియర్, జూనియర్ రికార్డు చూసి పక్కవాడు. చేత్తో కాపీ చేసిన ప్రోగ్రాము, కింద 'ఆశించిన' ఫలితం. అది అసలు నడిచిందో లేదో అడిగేవారుండరు. సంతకం పడితే చాలు. వైవాలో 'స్టాక్ అంటే ఏమిటి' అంటే 'లాస్ట్ ఇన్ ఫస్ట్ అవుట్' అని ఠక్కున జవాబు. పెళ్లి భోజనాల దగ్గర పేర్చిన పళ్లాలు చూపించి ఏది ముందు తీస్తావంటే నవ్వుతారు. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పరు మరి!

ఒకప్పుడు ఈ లోటును అమీర్‌పేట పూడ్చేది. చదివింది సివిలో మెకానికలో అయినా కొన్ని నెలల కోర్సుతో గట్టెక్కినవాళ్లు వేలల్లో ఉన్నారు. సివిల్ నుంచి కంప్యూటర్లకు రావడం మనవాళ్లకు కొత్త కూడా కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి గిండీలో చదివింది సివిల్ ఇంజినీరింగే. స్టాన్‌ఫర్డ్‌లో 1966లో కంప్యూటర్ సైన్స్ డాక్టరేట్, 1994లో ట్యూరింగ్ అవార్డు. పల్లెల్లో పదో తరగతిలో మెరిసిన పిల్లల కోసం 2008లో ట్రిపుల్ ఐటీలు నడిపే రాజీవ్‌గాంధీ వర్సిటీ ఏర్పడితే తొలి ఛాన్సలర్ ఆయనే.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక రికార్డు కాపీ కొట్టే శ్రమ కూడా తప్పింది. అడిగితే చాలు, క్షణాల్లో ప్రోగ్రాము సిద్ధం. 'మరి ఇంకా ఇదంతా నేర్చుకోవడం ఎందుకు' అన్నది ఇప్పుడు ఇళ్లలో వినిపించే ప్రశ్న. యంత్రం నలభై లైన్లు రాసిస్తుంది సరే, అందులో వంద కోట్ల దగ్గర తప్పబోయే ఆ కూడికను పట్టుకోవాల్సింది ఎవరు? చదవడం వచ్చినవాడికి అది మంచి సహాయకుడు. రానివాడికి మరో సీనియర్ రికార్డు, అంతే. ఒక మాట మాత్రం తల్లిదండ్రులకు చెప్పాలి. పిల్లాడు రాసిన ప్రోగ్రాము మీకు అర్థం కానక్కర్లేదు. 'ఈ లైను తీసేస్తే ఏమవుతుందిరా' అని అడగండి. సొంతంగా రాసినవాడు వెంటనే చెబుతాడు, లేదా తీసి చూస్తాడు.

ఖర్చు కూడా పెద్దగా లేదు. పాత ల్యాప్‌టాప్ మీద లైనక్స్, దాంతో ఉచితంగా వచ్చే కంపైలర్, ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఉచితంగా చూపించే ఎన్‌పీటెల్ చాలు. కాస్త పట్టు దొరికినవాళ్లకు ఐసీపీసీ పోటీలున్నాయి. జట్టుకు ముగ్గురు, ఐదు గంటలు, ఒకే కంప్యూటర్. అంటే ఒకరు కొడుతుంటే ఇద్దరు కాయితం మీద ఆలోచించాల్సిందే. లెక్క తేలితే ఆ బల్ల దగ్గర రంగు బెలూన్ కడతారు, ఒక్కో ప్రశ్నకు ఒక్కో రంగు. జవాబు తప్పితే ఆ ప్రశ్న చివరికి తేలినా 20 నిమిషాలు జరిమానా. తప్పు ఎక్కడుందో మాత్రం చెప్పరు.