ఇంజిన్ వాలు, తోక కోణం: అపోహలు – వాస్తవాలు

సొంతంగా తేలికపాటి విమానం కట్టుకునేవారిలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: గాలిలో ముక్కు పైకి లేస్తుంటే ఇంజిన్‌ను రెండు డిగ్రీలు కిందికి వంచితే సరిపోతుందని. లెక్క వేస్తే ఇది నిలవదు. ప్రొపెల్లర్ గరిమనాభికి 1.2 మీటర్ల ముందుండి 150 కిలోల బలంతో లాగుతోందనుకుందాం. రెండు డిగ్రీలు వంచితే థ్రస్ట్ లైన్ గరిమనాభి దగ్గర 4 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది, అంతే. నాలుగు మీటర్ల వెనకనున్న తోక దగ్గర దాని విలువ కిలోన్నర బలం. అదే తోకలో స్టెబిలైజర్ వైశాల్యం 2 చదరపు మీటర్లయితే, గంటకు 160 కిలోమీటర్ల వేగంలో దాని కోణం ఒక్క డిగ్రీ మారినా సుమారు 16 కిలోల బలం పుడుతుంది. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంజిన్ లాగుడు మాత్రం టేకాఫ్‌లోనే ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఇంత భిన్నంగా నడిచే రెండు బలాలలో ఒకదాని లోపాన్ని రెండోదానితో పూడ్చలేం. క్రూయిజ్ వేగంలో ఎలివేటర్ వంగకుండా నిలిచేలా చూసేది తోక కోణం. థ్రాటిల్ తెరిచి మూసినప్పుడు ముక్కు కదలికను తగ్గించడం థ్రస్ట్ లైన్ పని. ఆ కదలికలో కూడా ప్రొపెల్లర్ గాలి తోకను తాకడం వల్ల వచ్చే వాటా తరచు పెద్దదే.

మోడల్ విమానాల్లో రెండు మూడు డిగ్రీలతోనే తేడా కళ్లకు కనిపిస్తుంది కదా అని అడగవచ్చు. నిజమే. కానీ వాటిలో బరువుతో పోలిస్తే ఇంజిన్ బలం చాలా ఎక్కువ. ఆ అనుభవాన్ని ఆరువందల కిలోల విమానానికి అలాగే అన్వయించకూడదు.

ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ మరొకటి: రెక్కకూ తోకకూ మధ్య కోణం పెంచితే విమానం స్థిరపడుతుందని. స్థిరత్వాన్ని నిర్ణయించేది గరిమనాభి ఎక్కడుంది, తోక ఎంత పెద్దది, ఎంత దూరాన ఉంది అన్నవి. కోణం నిర్ణయించేది ఏ వేగంలో సమతూకం కుదురుతుందన్నది మాత్రమే. గ్లైడర్ మోడళ్లలో కోణం పెంచాక స్థిరత్వం పెరిగిందంటే, దానితోపాటు ముక్కులో సీసం కూడా చేర్చినందుకే. వెనక బరువెక్కిన విమానానికి తోక కింద షిమ్ములు పెట్టి ఒక వేగంలో చక్కగా నిలబెట్టవచ్చు, అస్థిరత్వం మాత్రం లోపల అలాగే ఉంటుంది. చిన్న గాలి కుదుపు దాన్ని బయటపెడుతుంది.

రెక్కల కోణాలను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో ఆన్రీ మిన్యే 1933లో ఎగరేసిన ‘ఫ్లయింగ్ ఫ్లీ’ చూపించింది. అందులో ఎలివేటర్ లేదు. స్టిక్ లాగితే ముందు రెక్క కోణమే మారుతుంది. ఎందరో ఔత్సాహికులు దాన్ని కట్టారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1936లో బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలోనూ ఫ్రాన్స్‌లోనూ విండ్ టన్నెల్ పరీక్షలు జరిగాకే అసలు కారణం తేలింది: ముక్కు బాగా కిందికి దిగాక స్టిక్ లాగితే, రెండు రెక్కల మధ్య సందులోంచి దూసుకొచ్చే గాలికి వెనక రెక్క మరింత లేచి, డైవ్ ఇంకా బిగుసుకుంటుంది. పైలట్ చేసే సహజమైన పనే అతన్ని చంపింది.

ఇంజిన్‌ను పక్కకు తిప్పే విషయంలో ఒక్క హెచ్చరిక చాలు. లైకమింగ్ ఇంజిన్ విమానాన్ని ఎడమకు లాగుతుంది, అందుకే దాన్ని కుడికి తిప్పుతారు. పుల్లీ వైపు ప్రొపెల్లర్ బిగించిన ఫోక్స్‌వాగన్ ఇంజిన్ తిరిగే దిశ దీనికి వ్యతిరేకం. లైకమింగ్ కొలతలను దానికి నకలు చేస్తే లోపం రెట్టింపవుతుంది.

కాబట్టి ముక్కు ఎటు పోతున్నా, స్పానర్ పట్టకముందు విమానాన్ని తూకం వేసి గరిమనాభి పరిమితుల్లో ఉందో లేదో చూడండి. స్టెబిలైజర్ స్పార్ల మధ్య దూరం 40 సెంటీమీటర్లయితే, ముందు స్పార్ కింద 7 మిల్లీమీటర్ల షిమ్ము ఒక డిగ్రీ. దాన్ని ఒకేసారి పెట్టకండి. సగం డిగ్రీ మార్చి, ఇంజిన్ జోలికి పోకుండా, ఎగిరి చూసి రాసుకోండి.