థైరాయిడ్ గడ్డ పెరిగిందా, కొలత మారిందా?

కిందటేడు స్కానింగ్ రిపోర్టులో ‘టిరాడ్స్ 3, 18 మి.మీ.’ అని ఉంది. ఈ ఏడు ఇంటికి దగ్గరని వేరే సెంటర్లో తీయిస్తే ‘టిరాడ్స్ 4, 21 మి.మీ.’ అని రాశారు. డాక్టరుగారి అపాయింట్‌మెంటు వచ్చే వారం. ఈలోపు ఫోన్లో వెతకడాలు, చుట్టాల సలహాలు, నిద్ర పట్టని రాత్రులు. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో మెడ స్కానింగ్ కూడా కలిపేస్తున్నారు కాబట్టి ఇలాంటి రిపోర్టులు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. థైరాయిడ్ గడ్డలు వెతికితే చాలామందికి దొరుకుతాయి. నడివయసు దాటిన ఆడవాళ్లలో మరీ మామూలు. వాటిలో నూటికి తొంభైకి అటూఇటూగా ప్రాణభయం లేనివే. కాబట్టి రెండు రిపోర్టులు పొసగనప్పుడు ముందు అడగాల్సింది ఇది: మారింది గడ్డా, దాన్ని చూసిన తీరా?

అపోహ: గడ్డ పెరిగిందంటే క్యాన్సరే.

వాస్తవం: మామూలు గడ్డలూ పెరుగుతాయి. ఇటలీ వైద్యులు, ప్రమాదం లేదని తేలిన గడ్డలున్న 992 మందిని ఐదేళ్లపాటు గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. నూటికి పదిహేను మందిలో గడ్డలు పెరిగాయి. నూటికి పద్దెనిమిది మందిలో వాటంతటవే చిన్నవయ్యాయి. మొత్తం 1,567 గడ్డల్లో చివరికి క్యాన్సర్ అని తేలినవి ఐదు. ఆ ఐదింటిలో పెరిగినవి రెండే. అంటే, పెరగడాన్ని బట్టే క్యాన్సర్ అనుకోవడానికి లేదు, పెరగలేదని పూర్తిగా నిశ్చింతగా ఉండటానికీ లేదు.

అసలు పెరిగిందని ఎప్పుడనాలి? దానికో లెక్కుంది. పొడవు, వెడల్పు, మందం అనే మూడు కొలతల్లో కనీసం రెండు 20 శాతం చొప్పున, అదీ 2 మి.మీ.కి తగ్గకుండా పెరగాలి. లేదంటే ఘనపరిమాణం సగానికి మించి పెరగాలి. అంతకు తక్కువైతే కొలతలో తేడా కావచ్చు. బంగాళదుంపను అడ్డంగా కోసి కొలిస్తే ఒక లెక్క, కాస్త ఏటవాలుగా కోస్తే ఇంకో లెక్క వచ్చినట్టే, మెడ మీద ప్రోబ్ కొంచెం వంగినా రెండు మూడు మిల్లీమీటర్లు మారిపోతాయి. పై ఉదాహరణలోని గడ్డ అప్పుడు 18×14×12, ఇప్పుడు 21×15×13 అనుకుందాం. మూడింటినీ హెచ్చవేసి 0.52తో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది: అప్పుడు 1.57 మి.లీ., ఇప్పుడు 2.13 మి.లీ. పెరుగుదల 35 శాతం. ఏ ఒక్క కొలతా 20 శాతం దాటలేదు. ఈ లెక్క ప్రకారం గడ్డ పెరిగినట్టు కాదు. రిపోర్టులో ఒక్క కొలతే రాసిస్తే మాత్రం ఈ లెక్క వేయడం కుదరదు. మన దగ్గర చాలా రిపోర్టులతో వచ్చే చిక్కు ఇదే.

అపోహ: టిరాడ్స్ 3 నుంచి 4కి వచ్చిందంటే జబ్బు ఒక స్టేజీ ముదిరినట్టు.

వాస్తవం: టిరాడ్స్ క్యాన్సర్ స్టేజీ కాదు. గడ్డ రూపం చూసి వేసే మార్కులు. 2009లో చిలీ వైద్యులు ఈ పేరుతో ఒక పద్ధతి తెచ్చారు. తర్వాత ఒక్కో దేశం తన పద్ధతి తయారు చేసుకుంది. అమెరికా రేడియాలజీ కాలేజీ 2017లో ఇచ్చిన పద్ధతి ఒకటి, అదే ఏడాది వచ్చిన యూరప్ పద్ధతి మరొకటి, కొరియా వాళ్లది ఇంకొకటి. ఒకదానిలో 3కీ ఇంకొకదానిలో 3కీ అర్థం ఒకటి కానక్కర్లేదు. ఏ పద్ధతిలో మార్కులు వేశారో చెప్పని రిపోర్టులో ఆ అంకెకు విలువ సగమే.

అమెరికా పద్ధతే తీసుకుందాం. గడ్డ లోపలి పదార్థం, స్కాన్‌లో దాని నలుపు, ఆకారం, అంచులు, లోపలి తెల్ల చుక్కలు అని ఐదు అంశాలు చూస్తారు. లోపలంతా గట్టి కణజాలమైతే 2 మార్కులు. పక్కనున్న గ్రంథి రంగులోనే ఉంటే 1. మొత్తం 3, కాబట్టి టిరాడ్స్ 3. అదే గడ్డ ఇంకో మెషీన్ మీద, ఇంకో రేడియాలజిస్టు కంటికి కాస్త నల్లగా (రిపోర్టు భాషలో హైపోఎకోయిక్) కనిపిస్తే 1కి బదులు 2 మార్కులు. మొత్తం 4, కాబట్టి టిరాడ్స్ 4. గడ్డలో ఇసుమంత మార్పు లేకుండానే అంకె మారింది. తెల్ల చుక్కల దగ్గర గొడవ ఇంకా పెద్దది. సన్నని కాల్షియం చుక్కలైతే 3 మార్కులు. కొల్లాయిడ్ (గ్రంథిలోని జిగురు పదార్థం) వల్ల తోక ఉన్నట్టు మెరిసే పెద్ద చుక్కలైతే సున్నా. ఈ రెంటినీ వేరుచేసి చూడటంలో అనుభవమున్న రేడియాలజిస్టులకే ఏకాభిప్రాయం కుదరదు.

అలాగని అంకెను కొట్టిపారేయకూడదు. ఈ పద్ధతిలో టిరాడ్స్ 3 గడ్డల్లో క్యాన్సర్ నూటికి ఐదింటిలో, 4లో తొమ్మిదింటిలో, 5లో ముప్పయ్యయిదింటిలో ఉంటుందని అంచనా. సన్నని సూదితో గడ్డలోని కణాలు తీసి చూసే సూది పరీక్ష ఎప్పుడన్నదీ దీన్ని బట్టే: టిరాడ్స్ 3 అయితే 2.5 సెం.మీ., 4 అయితే 1.5, 5 అయితే 1 సెం.మీ. దాటితే చేస్తారు. మన ఉదాహరణలో 21 మి.మీ. గడ్డ టిరాడ్స్ 3 అయితే ఏడాది తర్వాత మళ్లీ చూడొచ్చు, నిజంగా 4 అయితే సూది పరీక్ష చేయించాలి. అందుకే రెండు స్కాన్‌ల బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఒకే రేడియాలజిస్టు చూడటం అవసరం. చూశాక కూడా 4 అనే అంటే పరీక్షకు జంకనక్కర్లేదు.

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది.

వాస్తవం: అలా జరగడం అత్యంత అరుదు. రక్తం తీసే సూది కన్నా సన్నని సూది వాడతారు. దశాబ్దాలుగా ప్రపంచమంతా చేస్తున్న పరీక్ష ఇది.

అపోహ: సూది పరీక్షలో మామూలుదని వచ్చాక స్కాన్ చెడ్డగా వస్తే, మొదటి ఫలితం తప్పు.

వాస్తవం: ఇది చాలామందికి తెలియని సంగతి. నీరు నిండిన గడ్డలో ఆ నీరు తీసేసినా, దానంతటదే ఇంకిపోయినా గడ్డ ముడుచుకుపోతుంది. అంచులు వంకరపోతాయి, లోపల నల్లబడుతుంది, వెడల్పు కన్నా లోతు ఎక్కువగా కనిపిస్తుంది. ఇవన్నీ క్యాన్సర్‌కు మార్కులు పడే లక్షణాలే! ఇదివరకు సూది గుచ్చారని తెలియని రేడియాలజిస్టు టిరాడ్స్ 5 అని రాస్తే ఆయన తప్పేం లేదు, చెప్పకపోవడం మన తప్పు. అయితే మొదటి స్కాన్‌లోనే అనుమానం గట్టిగా ఉండి సూది పరీక్ష మామూలుదని వస్తే, ఏడాదిలోపు రెండోసారి చేయించమంటారు. సూది పరీక్ష ఫలితాన్ని బెథెస్డా పద్ధతిలో ఆరు వర్గాలుగా ఇస్తారు. అందులో మొదటి వర్గమంటే ‘ఏమీ లేదు’ అని కాదు, చూడటానికి చాలినన్ని కణాలు రాలేదని. నిశ్చింతగా ఉండమని చెప్పేది రెండోది.

అపోహ: టీఎస్‌హెచ్ నార్మల్ కాబట్టి భయం లేదు. పోనీ, మాత్రలు వేసుకుంటే గడ్డ కరుగుతుంది.

వాస్తవం: టీఎస్‌హెచ్ గ్రంథి పనితీరు చెబుతుంది. గడ్డ స్వభావం చెప్పదు. క్యాన్సర్ ఉన్నవాళ్లలోనూ చాలామందికి అది నార్మల్‌గానే ఉంటుంది. గడ్డ కరగడానికని థైరాక్సిన్ ఇచ్చే అలవాటు ఒకప్పుడుండేది. గుండెదడ, పెద్దవయసు ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారడం లాంటి నష్టాలే ఎక్కువని ఇప్పుడు వద్దంటున్నారు.

అపోహ: మూడు నెలలకోసారి స్కాన్ చేయిస్తే మంచిది. ఆపరేషన్ చేయించుకుంటే పీడా పోతుంది.

వాస్తవం: దక్షిణ కొరియా సంగతి చూడండి. అక్కడ 1999లో జాతీయ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలైంది. ఆసుపత్రులు దానికి తోడు, కొంచెం అదనపు రుసుముతో మెడ స్కానింగ్ కూడా చేయసాగాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నమోదు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. మరణాలు మాత్రం తగ్గలేదు, పెరగలేదు. దొరికినవాటిలో చాలా భాగం జీవితాంతం కదలకుండా ఉండిపోయే చిన్న క్యాన్సర్లు. వాటికోసం గ్రంథి తీయించుకున్నవాళ్లకు మిగిలింది రోజూ మాత్ర. కొందరికి కాల్షియం కొరత, గొంతు నరం దెబ్బ కూడా. జపాన్‌లోని కోబే నగరంలో కుమా ఆసుపత్రి 1993 నుంచే, ఒక సెంటీమీటరు లోపు చిన్న క్యాన్సర్లను కోయకుండా కనిపెట్టి చూస్తోంది. పదేళ్లలో 3 మి.మీ. పెరిగినవి నూటికి ఎనిమిదే. మన చెకప్ ప్యాకేజీలు కొరియా దారిలో నడుస్తున్నాయనే నాకనిపిస్తోంది. మూడు నెలలకోసారి అక్కర్లేదు: అమెరికా పద్ధతి ప్రకారం టిరాడ్స్ 3కి ఏడాది, మూడేళ్లు, ఐదేళ్లకు స్కాన్ చాలు. 4కి ఒకటి, రెండు, మూడు, ఐదో ఏట. 5కి ఏటా.

ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే వెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి: వారాల్లోనే గడ్డ గట్టిగా పెరగడం, గొంతు బొంగురుపోయి తగ్గకపోవడం, మింగడం కష్టమవడం, మెడ పక్కన బిళ్లలు కట్టడం. చిన్నప్పుడు మెడకు రేడియేషన్ ఇచ్చినా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా డాక్టరుకు తప్పక చెప్పాలి. రాత్రికి రాత్రే నొప్పితో ఉబ్బితే అది సాధారణంగా నీటిగడ్డలో రక్తం చేరడం. అయినా చూపించుకోండి.

మిగతావాళ్లు ఈసారి స్కానింగ్‌కి పాత రిపోర్టుతో పాటు పాత బొమ్మలూ పట్టుకెళ్లండి, వీలైతే పాత సెంటర్‌కే వెళ్లండి. సూది పరీక్ష అయి ఉంటే ముందే చెప్పండి. మూడు కొలతలు, ఐదు లక్షణాలు, ఏ టిరాడ్స్ పద్ధతో రిపోర్టులో రాయమని అడగండి.