చూసిన ఊళ్లు, చూడవలసిన ఊళ్లు
– ఒక ఉద్యోగి కుమార్తె, బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, విశాఖపట్నం

మా ఇంట్లో తరచు వినిపించే ‘ఎల్.టి.సి.’ అనే మాటకు అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్నతనంలో అదీ ఒక పండుగ పేరే అనుకునేదాన్ని. సంక్రాంతి, ఉగాది ఏటేటా వస్తాయి, ఎల్.టి.సి. మాత్రం కొన్నేళ్లకొకసారి వస్తుంది. అది వచ్చిందంటే అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. అమ్మ రెండు రోజులు పొయ్యి దగ్గరే ఉండి సున్నుండలు, జంతికలు చేసి డబ్బాలకెత్తుతుంది. నాన్నగారు రైల్వే టైంటేబిలు పుస్తకం ముందు వేసుకుని, ఏ జంక్షనులో బండి ఎంతసేపు ఆగుతుందో ఎర్ర సిరాతో గుర్తులు పెట్టుకుంటారు. ఉద్యోగికి, కుటుంబానికి సంస్థ కల్పించే సెలవు ప్రయాణ రాయితీయే ఆ పండుగ అని హైస్కూలుకు వచ్చాక గాని నాకు బోధపడలేదు.

నాన్నగారు వచ్చే ఏడాది పదవీ విరమణ చేయబోతున్నారు. మొన్న దసరా సెలవుల్లో బీరువా సర్దుతుండగా పాత ఫోటోల ఆల్బం చేతికి తగిలింది. సర్దడం మాని దానిని తిరగవేస్తూ కూర్చున్నాను. ఆ పుటల వెంట మా ప్రయాణాలన్నీ మళ్లీ ఒకసారి చేసి వచ్చాను.

సొరంగాల దారి

మొదటి ఫోటో 2011 నాటిది. అది ఎల్.టి.సి. కాదు, ఒక్కరోజు ప్రయాణం. నాకు ఆరేళ్లు. తమ్ముడు అమ్మ చంకలో ఉన్నాడు. తెల్లవారగానే కిరండూల్ పాసింజరు ఎక్కి అరకు వైపు బయలుదేరాం. కొత్తవలస దాటి కొండలు మొదలయ్యాక ఒకదాని వెంట ఒకటిగా సొరంగాలు. ఈ దారిలో అవి యాభైకి పైగా ఉన్నాయి. చీకటి పడగానే పెట్టెలోని పిల్లలందరం గట్టిగా కేకలు వేసేవాళ్లం. వెలుతురు రాగానే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం.

ఒక స్టేషనులో మా బండిని ఆపి, ఎదురుగా ఒక గూడ్సును పోనిచ్చారు. ఎన్ని పెట్టెలు లెక్కపెట్టినా అవి తరగలేదు. అందులో ఎర్రటి మన్ను ఉంది. “అది మన్ను కాదమ్మా, బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం. దానికోసమే 1960 దశకంలో ఈ కొండలు తొలిచి దారి వేశారు. అప్పట్లో ఆ ఖనిజం మన విశాఖ రేవు మీదుగా జపానుకు వెళ్లేది” అన్నారు నాన్నగారు. మనుషులు ఎక్కడం కోసం కాక, మన్ను మోయడం కోసం రైలు వేస్తారా అని నాకు ఆశ్చర్యం వేసింది.

బొర్రా గుహల్లో నేను, నాన్నగారు దిగాం. పైనుంచి బొట్టుబొట్టుగా రాలే నీటిలోని సున్నం పేరుకుని, వేల ఏళ్లకు స్తంభాలుగా మారిన వైనం ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. ఫోటోలో మేమిద్దరమే ఉన్నాం.

ప్రయాణం కాని ప్రయాణం

ఆల్బంలో 2014వ సంవత్సరం లేదు. ఆ ఏడాది మేము కన్యాకుమారికి వెళ్లవలసింది. అక్టోబరు మూడో వారంలో రిజర్వేషను. మూడు సముద్రాలు కలిసేచోటు చూడాలన్నది అమ్మ కోరిక. మా ప్రయాణాలన్నిటిలోను అమ్మ నోరు తెరిచి అడిగిన ఊరు అదొక్కటే.

అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి. మా క్వార్టరు ముందున్న చెట్టు వేళ్లతో సహా పెకలి రోడ్డుకు అడ్డంగా పడింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు పనిచేయలేదు. నాన్నగారు తుపానుకు ముందే డ్యూటీకి వెళ్లారు. మూడో రోజు సాయంత్రం మాసిన గడ్డంతో, బురద బూట్లతో గుమ్మంలోకి వచ్చి, ఒక చెంబుడు నీళ్లు తాగి, రెండు గంటలు నిద్రపోయి మళ్లీ వెళ్లిపోయారు. ఆగిన యంత్రాలను తిరిగి నడిపించే పనిలో ఆయన విభాగంలోని వారంతా అలాగే ఉన్నారట.

ప్రయాణం ఆగిపోయిందని నేను నాన్నగారితో వారం రోజులు మాట్లాడలేదు. అప్పటికి నాలుగో తరగతి. ఇప్పుడు తలచుకుంటే సిగ్గు వేస్తుంది. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ప్రయాణానికని చేసిన సున్నుండలను విద్యుత్తు స్తంభాలు నిలబెట్టడానికి పొరుగు జిల్లాల నుంచి వచ్చిన పనివారికి పంచిపెట్టింది.

ఇనుమును వెతికే కళ్లు

2016లో పూరీ, కోణార్క చూశాం. పదమూడో శతాబ్దంలో గాంగరాజు నరసింహదేవుడు కట్టించిన సూర్యదేవాలయం. రాతిలో మలచిన 24 చక్రాలు. అందరూ చక్రాల దగ్గర ఫోటోలు తీయించుకుంటుంటే మా నాన్నగారు కనిపించలేదు. వెతగ్గా ఆవరణలో పడివున్న పాత ఇనుప దూలాల దగ్గర దొరికారు. ఆ ఆలయ నిర్మాణంలో వాడిన దూలాలవి. పెద్ద కొలుములు, క్రేన్లు లేని రోజుల్లో చిన్న చిన్న ఇనుప ముద్దలను కాల్చి, సమ్మెటతో అతికి, అంత పొడవైన దూలాలుగా ఎలా చేశారో మాకు వివరించబోయారు. నాకు ఐసుఫ్రూటు కావాలి. తమ్ముడికి సముద్రం కావాలి. ఆయన మాటలు ఉప్పుగాలిలో కలిసిపోయాయి.

2018 సంక్రాంతి సెలవుల్లో సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ ప్రయాణం. రాయపూర్ దాటాక చీకట్లో దూరంగా దీపాల వరుసలు కనిపించాయి. “భిలాయి. 1959లో మొదటి కొలిమి వెలిగించారు. దేశంలో రైలుపట్టాలు ఎక్కువగా తయారయ్యేది ఇక్కడే. మనమిప్పుడు పోతున్న పట్టా కూడా ఇక్కడిదే కావచ్చు” అన్నారు నాన్నగారు. ఆ రాత్రి పడుకున్నాక చక్రాల చప్పుడు కొత్తగా వినిపించింది.

ఢిల్లీలో కుతుబ్ మినారు ఎంత ఎత్తు ఉందో చూసి నేను మురిసిపోతుంటే, ఆయన పక్కనున్న ఇనుప స్తంభం చుట్టూ కంచె పట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నారు. ఏడు మీటర్లు దాటిన ఎత్తు, ఆరు టన్నులు దాటిన బరువు. చంద్రుడనే రాజు పేరుతో దాని మీద సంస్కృత శాసనం ఉంది. సుమారు 1600 ఏళ్లుగా ఎండలో, వానలో నిలబడినా అది తుప్పుకు లొంగలేదు. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ కావడం వల్ల పైన పల్చని రక్షణపొర ఏర్పడిందని లోహశాస్త్రజ్ఞులు చెబుతారు. ఐ.ఐ.టి. కాన్పూరు ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం గారు దీనిపై విశేష పరిశోధన చేశారు. ఇదంతా నేను డిగ్రీలో రసాయనశాస్త్రం తీసుకున్నాక చదువుకున్నది. ఆ రోజు మాత్రం నాన్నగారు ఒక్క మాటే అన్నారు: “ముప్పయ్యేళ్లుగా తుప్పుతో కుస్తీ పడుతున్నానమ్మా. గెలిచినదాన్ని ఇవాళ చూశాను.” మాది ఉప్పుగాలి తగిలే ఊరు. ఆయనది యంత్రాల నిర్వహణ విభాగం. ఆ మాట వెనుక ఎన్ని రాత్రి షిఫ్టులున్నాయో అప్పుడు నాకు తెలియలేదు.

ఫోటోల్లో లేని మనిషి

ఆల్బం మూయబోతూ ఒక సంగతి గమనించాను. బొర్రా గుహల్లో అమ్మ లేదు. నిద్రపోతున్న తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని పైనే కూర్చుంది. కోణార్కలో అమ్మ లేదు. మా సంచుల దగ్గర ఉంది. కుతుబ్ దగ్గర ఒక ఫోటోలో, చాలా వెనుక, చెట్టు కింద రెండు సూట్‌కేసుల మధ్య ఒక నీలం శాలువా కనిపిస్తోంది. అది అమ్మ.

ఆల్బం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. “అమ్మా, ఢిల్లీలో నువ్వేం చూశావు?” అని అడిగాను.

“సామాన్లు చూశాను” అని నవ్వింది.

నా ముఖం చూసి కాబోలు, చేతిలో గరిటె పక్కన పెట్టి మళ్లీ అంది: “దారిలో మాత్రం చాలా చూశానే. పొగమంచు వల్ల బండి ఏడు గంటలు ఆలస్యమైందా, మీరంతా ముసుగుతన్ని పడుకున్నారు. మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. మధుర దగ్గర కనుచూపు మేర ఆవచేలు, పసుపు ఆరబోసినట్టు. ఆ చేల గట్ల మీద పిడకలను గుడిసెల్లా పేర్చి, పైన పేడ మెత్తుతున్నారు ఆడవాళ్లు. వానకు తడవకుండా కాబోలు. దాని మీద గోళ్లతో ముగ్గులు కూడా గీశారు. మన వైపు పిడకలకు ముగ్గులు పెట్టడం ఎప్పుడైనా చూశావా?”

నేను చూడలేదు. ఆ దారిలో నేనూ వచ్చాను. ఆ చేలు నాకు గుర్తే లేవు.

అటు తర్వాత అమ్మ తన వంటల నోటుపుస్తకం తీసి, ఊరగాయల కొలతల పుటల మధ్య నుంచి ఒక కాగితం బయటపెట్టింది. మడతల దగ్గర చిరిగిపోతోంది. 2014 నాటి కన్యాకుమారి రిజర్వేషను కాగితం. నలుగురు మనుషులం, మా నలుగురి పేర్లు, వయసులు అందులో ఉన్నాయి. ఎందుకు దాచావని అడిగితే, “పారేయబుద్ధి కాలేదు” అంది.

ఒకే రైలు, రెండు చివరలు

నేను సాయంత్రాలు మా టౌన్‌షిప్‌లో ఇద్దరు పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతాను. రెండేళ్లుగా దాచిన డబ్బు పన్నెండు వేలయింది. మా తరగతి వారు శీతకాలం సెలవుల్లో మనాలి ప్రయాణం పెట్టుకున్నారు. మంచు చూడాలని నాకు ఎంత ఆశ ఉందో చెప్పలేను. పేరు ఇచ్చి వచ్చాను కూడా. ఆ కాగితం చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్లి పేరు కొట్టేయించుకున్నాను. ఇది గొప్ప త్యాగమని నేననను. బస్సులో నా సీటు ఇంకొకరికి ఇచ్చేశారని తెలిసినప్పుడు కళ్లనీళ్లు తిరిగిన మాట నిజం.

నాన్నగారికి చెబితే మొదట ఒప్పుకోలేదు. “నా సర్వీసులో ఇంకొక ఎల్.టి.సి. మిగిలే ఉంది. కూతురి ట్యూషను డబ్బుతో రైలెక్కుతానా?” అన్నారు. రెండు రోజుల వాదం తర్వాత రాజీ కుదిరింది. రైలు ఛార్జీలు ఆయన రాయితీ మీద. అక్కడి బస, తిండి, పడవ టిక్కెట్లు నావి.

మన దేశంలో అతి ఎక్కువ దూరం నడిచే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన విశాఖ మీదుగానే వెళుతుంది. అస్సాంలోని దిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారి దాకా నాలుగు వేల కిలోమీటర్లకు పైబడిన దారి. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు గనుక క్యాలెండరులో ఆ తేదీకి నాన్నగారు మునుపటిలాగే ఎర్ర సిరాతో సున్న చుట్టారు. చిత్రా పౌర్ణమి నాడు అక్కడ ఒకవైపు సూర్యుడు అస్తమిస్తుంటే మరోవైపు చంద్రుడు ఉదయిస్తాడట. ఆ రోజుకు చేరుకోవాలని మా కోరిక. సముద్రంలోని వివేకానంద శిలాస్మారకం నుంచి 133 అడుగుల తిరువళ్లువర్ విగ్రహం దాకా 2024 డిసెంబరు చివర ఒక గాజు వంతెన తెరిచారు. దానిమీద అమ్మ చేయి పట్టుకుని నడుస్తాను. దాని ఉక్కు కమానును నాన్నగారు ఎలాగూ చూసుకుంటారు!

ఇక రెండో చివర నా వంతు. ఉద్యోగం వచ్చాక, అదే రైలును ఎదురు దిశలో ఎక్కి దిబ్రూగఢ్‌లో దిగాలి. బ్రహ్మపుత్ర నడుమ ఉన్న మజులి ద్వీపం, అక్కడి వైష్ణవ సత్రాలు చూడాలి. ఆ నది మీద 2018లో తెరిచిన బోగీబీల్ వంతెన దాదాపు ఐదు కిలోమీటర్ల పొడవు. కింద రైలు, పైన రోడ్డు. అది నాన్నగారికి. మేఘాలయలో ఖాసీలు రబ్బరుచెట్టు వేళ్లను ఏళ్ల తరబడి మలిచి, వాగుల మీద బతికివున్న వంతెనలు పెంచారట. అది నాకు, తుప్పు పట్టే ప్రసక్తే లేని వంతెన!

దగ్గరి ఊరొకటి కూడా జాబితాలో ఉంది. నిజామాబాదు జిల్లా కోనసముద్రం. ఒకప్పుడు అక్కడ మూసల్లో కాచిన ఉక్కు దిమ్మలు పర్షియా దాకా వెళ్లి కత్తులయ్యాయి. మన ‘ఉక్కు’ అన్న మాటే పాశ్చాత్యుల నోట ‘వూట్జ్’ అయిందంటారు. పదవీ విరమణ మర్నాడే బయలుదేరతానని నాన్నగారు అంటున్నారు. ఈసారి ఆయన చెప్పేదంతా వింటాను, ఐసుఫ్రూటు అడగను.

ఈ పత్రిక చదివే నా ఈడు పిల్లలకు ఒక్క మనవి. మీ ఇంట్లో ఉన్న ప్రయాణాల ఆల్బం ఒకసారి తీసి చూడండి. అందులో ఎవరు కనబడటం లేదో గమనించి, వారిని ఏం చూశారని అడగండి.

కన్యాకుమారి ప్రయాణంలో సామాన్లు చూసే పని నాది, తమ్ముడిది. కింది బెర్తు, కిటికీ పక్క అమ్మకు. తినుబండారాలు దారిలో కొనుక్కోవచ్చు, ఈసారి ఏమీ చేయవద్దని గట్టిగా చెప్పాం. అమ్మ సరేనంది. నిన్న బజారుకు వెళుతుంటే వెనక్కి పిలిచి, ఇప్పటినుంచే అనుకోకు గాని, మంచి మినప్పప్పు దొరికితే రెండు కిలోలు తెమ్మంది.