శీతనిద్రలో రాలి, మెలకువలో చిగిర్చే మెదడు

అలాస్కా ఉత్తరాన, నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే చోట ఆర్కిటిక్ నేల ఉడుత ఏడెనిమిది నెలలు బొరియలో ముడుచుకుని పడుకుంటుంది. 1989లో శాస్త్రవేత్త బ్రయాన్ బార్న్స్ కొలిస్తే దాని ఒంటి వేడి మైనస్ 2.9 డిగ్రీల దాకా దిగింది. అయినా నెత్తురు గడ్డకట్టలేదు!

తల లోపలి వింత ఇంకా పెద్దది. శీతనిద్రలోకి జారిన నేల ఉడుతల మెదడులో నాడీకణాల కొమ్మలు కురచబారతాయి. కణానికీ కణానికీ కబురు మోసే సంధులు ఎన్నో ఊడిపోతాయి. కణంలో బారుగా నిలిచిన సూక్ష్మనాళికలు పందిరి గుంజలైతే, వాటిని బిగించి ఉంచే తాళ్ళు టావ్ అనే ప్రోటీన్లు. టావ్‌కు ఫాస్ఫేట్లను అతికించేవి కైనేజ్ ఎంజైములు, ఊడదీసేవి ఫాస్ఫటేజులు. శీతనిద్రలో అతికింపుదే పైచేయి. ఫాస్ఫేట్లు పేరుకునే కొద్దీ కట్టు సడలుతుంది.

అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులోనూ మొదట జరిగేది దాదాపు ఇదే. 1906లో జర్మనీలోని ట్యూబింగెన్ సభలో అలాయిస్ అల్జీమర్ వివరించిన రోగి నాడీకణాల్లోని చిక్కుముళ్ళు, ఫాస్ఫేట్లు మితిమీరి పట్టిన టావ్ పోగులే.

ఉడుతకు మాత్రం చిక్కు పడదు. రెండు మూడు వారాలకోసారి అది గజగజ వణికి, గోధుమరంగు కొవ్వును కరిగించి ఒళ్ళు వేడెక్కించుకుంటుంది. ఒక్క పూటలో కొమ్మలు సాగుతాయి, సంధులు చిగురిస్తాయి. టావ్ మీది ఫాస్ఫేట్లూ వదిలిపోతాయని 2003లో థామస్ ఆరెంట్ బృందం ఐరోపా నేల ఉడుతల్లో చూపింది. ఒక రోజు లోపే మళ్ళీ చలిలోకి, మళ్ళీ సడలింపులోకి!

ఈ చిగురింపు వెనకాల ఏముంది? 2015లో బ్రిటన్‌లో జోవానా మలూచి బృందం ఎలుకలను చల్లబరిచి చూసింది. ఆరోగ్యమైన వాటిలో సంధులు రాలి, వేడెక్కగానే తిరిగొచ్చాయి. చలికి పెరిగే ఆర్‌బీఎం3 అనే ప్రోటీన్ ఇందుకు సాయపడింది. అల్జీమర్స్ లాంటి జబ్బు ఉన్న ఎలుకల్లో, జబ్బు ఇంకా ముదరకముందే, రాలినవి తిరిగి రాలేదు. ఆ ప్రోటీన్‌ను కృత్రిమంగా పెంచితే సంధులు నిలిచాయి.

ఎలుకలో కుదిరింది మనిషిలో కుదరాలనేమీ లేదు. కానీ వెతకాల్సిన చోటు ఏదో తెలిసింది. రాలడం ప్రతి చలికాలంలోనూ ఉడుతకు మామూలే. తిరిగి చిగిర్చే శక్తి సన్నగిల్లడంలోనే జబ్బు తొలి అడుగు ఉండవచ్చు.