సగం కట్టిన ఇళ్లకు బహుమతి

వాస్తుశిల్పానికి బహుమతి అనగానే మన కళ్ల ముందు ఒక మహాసౌధమో, ఆకాశాన్నంటే గోపురమో నిలుస్తుంది. కాని మధ్యప్రదేశ్‌లోని ఇండోరు నగరానికి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చిన రెండు పథకాలలో అటువంటివేవీ లేవు. మొదటి పథకంలో పేదవానికి లభించింది కొద్దిపాటి స్థలం, ఒక పునాది, నీటి వసతి, మరుగుదొడ్డి, మహా అయితే ఒక గది. రెండవ పథకంలో ప్రధానభాగం నేలలో పూడ్చిన మురుగు గొట్టాలు. అయినా ఆగాఖాన్ వాస్తు పురస్కారం 1995లో మొదటిదానినీ, 1998లో రెండవదానినీ వరించింది.

1977లో నెలకొల్పిన ఈ పురస్కారాన్ని మూడేళ్లకొకసారి ఇస్తారు. ముస్లిములు గణనీయంగా ఉన్న సమాజాల అవసరాలు తీర్చే నిర్మాణాలను ఇందుకు పరిశీలిస్తారు. కేవలం చిత్రపటాలు చూసి తీర్పు చెప్పరు. నిపుణులు స్వయంగా వెళ్లి, అక్కడివారు ఆ నిర్మాణాన్ని ఎలా వాడుకుంటున్నారో చూచి నివేదిక ఇస్తారు. ఇండోరు కథలో అసలు ప్రశ్న కూడా అదే: కట్టినవారు వెళ్లిపోయిన తరువాత ఏమవుతుంది?

ఇండోరు బట్టల మిల్లుల నగరం. పనిని వెదుక్కుంటూ వచ్చినవారు దొరికిన చోటనే గుడిసెలు వేసుకున్నారు. వీరికి నివాసం కల్పించేందుకు 1980ల తొలినాళ్లలో నగరాభివృద్ధి సంస్థ తలపెట్టిన పథకమే ‘అరణ్య’. రూపకల్పన బాధ్యతను ప్రఖ్యాత వాస్తుశిల్పి బాలకృష్ణ దోశీ వహించారు. ఆయన బృందం ముందుగా నగరంలోని మురికివాడలనే అధ్యయనం చేసింది. పేదవాని జీవితం నాలుగు గోడల మధ్య ఇమిడేది కాదు. ఇంటి ముందరి అరుగే అతనికి చావడి, కార్ఖానా, కొట్టు. అందుచేత అరణ్యలో ఇంటికీ వీథికీ నడుమ అరుగుకూ మెట్లకూ చోటు విడిచారు.

సుమారు 85 హెక్టార్లలో 6,500 నివాసాలకు స్థలాలు ఏర్పరచారు. వాటిలో 65 శాతం అతిపేదలకు ఉద్దేశించినవే. చిన్న స్థలం 35 చదరపు మీటర్లు. కుటుంబ ఆదాయాన్నిబట్టి తొలి చెల్లింపు. తక్కిన సొమ్ము నెలసరి వాయిదాలలో. పెద్ద స్థలాలూ, దుకాణాల స్థలాలూ అమ్మగా వచ్చిన ఆదాయం పేదల భారాన్ని తగ్గించింది. మచ్చుకు 80 ఇళ్లు కట్టి చూపారు. వాటినే అనుకరించాలన్న నిర్బంధం లేదు. చేతిలో డబ్బు ఆడినప్పుడు ఒక గది, కొడుకు పెళ్లినాటికి మరొక అంతస్తు. ఇలా ఇల్లు కుటుంబంతోపాటు పెరుగుతుంది. 2018లో దోశీ భారతీయులలో ప్రప్రథముడుగా ప్రిట్జ్‌కర్ పురస్కారం అందుకున్నప్పుడు, అరణ్యలో 80,000 మందికి పైగా నివసిస్తున్నారని ప్రకటించారు. ఆయన 2023 జనవరిలో కన్నుమూశారు.

రెండవ పథకానికి కర్త ఇంజనీరు హిమాంశు పారిఖ్. నగరపటంలో ఆయన ఒక విశేషాన్ని గుర్తించారు. మురికివాడలు చాలావరకు వాగుల వెంబడి, పల్లపు నేలల్లో ఉన్నాయి. నీరు సహజంగా ప్రవహించే మార్గమూ అదే. అలాంటప్పుడు మురికివాడను నగరానికి పట్టిన పుండుగా భావించడమెందుకు? ఆ దారినే మురుగు గొట్టాలు వేస్తే పంపుల అవసరం తగ్గుతుంది. వాడలూ బాగుపడతాయి, నగరమూ శుభ్రపడుతుంది. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1989లో మొదలైన ఈ పథకం 183 వాడలలోని సుమారు 4,50,000 మందిని ఉద్దేశించినది. ఉమ్మడి మరుగుదొడ్లకు బదులు ఇంటింటికీ మరుగుదొడ్డి, వీథి దీపాలు, చెట్లు ఇందులో భాగాలు. వాననీరు ఇళ్లలోకి రాకుండా వీథిమీదుగానే పారిపోయేటట్లు రోడ్లను ఇళ్ల మట్టానికి దిగువగా వేశారు.

అయితే బహుమతితో కథ ముగియలేదు. 2002లో గీతా దీవాన్ వర్మ తమ గ్రంథంలో ఈ పథకాన్ని తీవ్రంగా విమర్శించారు. ఎన్నో ఇళ్లకు మురుగు గొట్టంతో సంబంధమే ఏర్పడలేదు. ఉన్న గొట్టాలు పూడుకుపోయాయి. ఖాన్, సరస్వతి నదులలోకి మురుగు పారుతూనే ఉంది. ఖాన్ నది ఉజ్జయిని దగ్గర క్షిప్రలో కలుస్తుంది. ఇండోరు విడిచిన మురుగు అక్కడ స్నానమాడే యాత్రికుల పాలబడుతుంది. అరణ్యలోనూ లోపాలు లేకపోలేదు. పేదలకిచ్చిన స్థలాలలో కొన్ని కలిగినవారి చేతికి చేరాయి.

ఈ రెండింటి నడుమ భేదం గమనింపదగినది. అరణ్యలోని ఇంటికి యజమాని ఉన్నాడు. గోడ బీటవారితే తానే పూడ్చుకుంటాడు. వీథి కింది గొట్టం అందరిదీ. కనుక ఎవరిదీ కాదు. దానిని కనిపెట్టి ఉండవలసినది నగరపాలన. ఆ పాఠం ఇండోరు ఆలస్యంగా నేర్చింది. 2017 నుండి 2023 వరకు వరుసగా ఏడు పర్యాయాలు దేశంలోకెల్ల పరిశుభ్ర నగరంగా ఎన్నికైన ఈ నగరం, నదులలోకి మురుగు మోసే మార్గాలను మూసే పనిని మళ్లీ చేపట్టవలసి వచ్చింది. పారిఖ్ పథకానికి పురస్కారం లభించి అప్పటికి ఇరవై ఏళ్లు దాటుతోంది.

పురస్కార నిర్ణేతలు వచ్చి చూచి, నివేదికలు వ్రాసుకొని వెళ్లిపోతారు. అరణ్యలో అరుగుమీద కూర్చున్న గృహిణికి మాత్రం పరీక్ష రోజూ ఉంటుంది: కుళాయిలో నీరు వచ్చిందా, వీథిలో మురుగు నిలిచిందా? ఆ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగిన నగరానికి వేరే బహుమతి అవసరం లేదు.