గ్యారేజీకీ ఇంటికీ మధ్య ఉన్న తలుపు

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళ్ళినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. వీధి గుమ్మం అలంకారానికే తప్ప పెద్దగా తెరవరు. కారు గ్యారేజీలోకి వస్తుంది, షట్టర్ దిగుతుంది, లోపలి తలుపు తీసుకుని నేరుగా వంటింటి పక్కకో, బట్టలు ఉతికే గదిలోకో వెళ్ళిపోతారు. ఆ లోపలి తలుపు మిగతా గదుల తలుపుల కంటే బరువుగా ఉంటుంది. వదిలేస్తే దానంతట అదే మూసుకుంటుంది. చేతిలో సామాన్ల సంచులు ఉన్నప్పుడు వీపుకు తగిలి విసుగు తెప్పిస్తుంది కూడా. చాలామంది ఆ విసుగు భరించలేక స్ప్రింగు తీసేస్తారు, లేదా కింద ఒక చెక్క ముక్క దోపుతారు. ఆ బరువుకూ ఆ స్ప్రింగుకూ కారణాలు ఉన్నాయి.

ముందు గ్యారేజీలో ఏముంటుందో చూద్దాం. పెట్రోలు ట్యాంకు ఉన్న కారు, రంగుల డబ్బాలు, గడ్డి కోసే యంత్రం, దానికి పోసే ఇంధనం, అట్టపెట్టెలు, కొన్ని ఇళ్ళలో గ్యాసు గీజరు, ఇప్పుడైతే విద్యుత్ వాహనపు చార్జర్. ఇల్లు మొత్తంలో ఇంత మండే సామగ్రి మరో గదిలో ఉండదు. పైగా అది మనుషులు మసలని చోటు, నిప్పు అంటుకున్నా చాలాసేపు ఎవరికీ తెలియదు.

వీటన్నిటిలో పెట్రోలు తీరు ప్రత్యేకం. సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా అది అంటుకోగలిగినంత ఆవిరిని వదులుతుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు ఒకటిన్నర శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు మండుతుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అందుకే పైకి పోకుండా నీళ్ళలా నేల మీద పాకుతూ పల్లం వెతుక్కుంటుంది. అమెరికాలో గ్యారేజీలో గీజరు పెడితే, నిప్పు పుట్టించే భాగం నేలకు 18 అంగుళాల ఎత్తున ఉండాలని నియమం పెట్టింది ఇందుకే. బ్రిటన్‌లో ఇంటికీ గ్యారేజీకీ మధ్య ఉన్న గుమ్మం గ్యారేజీ నేల కంటే కనీసం 100 మిల్లీమీటర్లు ఎత్తున ఉండాలి, లేదా గ్యారేజీ నేల బయటికి వాలి ఉండాలి. అంటే గడప అన్నమాట! మన పెద్దలు గడప పెట్టిన కారణాలు వేరు కావచ్చు, కానీ కింద కారిన పెట్రోలును ఆపడానికి నాలుగంగుళాల గడపను మించిన సులువైన ఏర్పాటు లేదు.

ఇక తలుపు. అమెరికాలో చాలా రాష్ట్రాలు, నగరాలు తమ తమ మార్పులతో అనుసరించే నమూనా గృహ నిర్మాణ నియమావళి మూడు రకాల తలుపులను ఒప్పుకుంటుంది: 35 మిల్లీమీటర్ల మందమున్న గట్టి చెక్క తలుపు, అంతే మందమున్న ఉక్కు తలుపు, లేదా 20 నిమిషాలు మంటను ఆపుతుందని పరీక్షలో తేలిన తలుపు. ఏదైనా సరే, దానంతట అదే మూసుకోవాలి. అన్నిటికంటే కఠినమైన నియమం ఇంకొకటి ఉంది. గ్యారేజీ నుంచి పడకగదిలోకి నేరుగా ఏ తలుపూ ఉండకూడదు, ఎంత గొప్ప తలుపైనా సరే. దీనికి మంటతో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా కారణం. ఆ వాయువుకు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి వచ్చి అనుమానం కలుగుతుంది, నిద్రలో ఉన్నవాడికి ఆ హెచ్చరిక అందదు.

చెక్క తలుపు మంటను ఆపడమేమిటని అనిపించడం సహజం. చెక్క మండుతుంది, నిజమే. అయితే మండిన పైపొర బొగ్గుగా మారుతుంది, ఆ బొగ్గు లోపలి చెక్కకు వేడి చేరకుండా అడ్డుపడుతుంది. అందువల్ల గట్టి చెక్క నిమిషానికి ముప్పావు మిల్లీమీటరు లోపే తరుగుతుంది. ఆ లెక్కన 35 మిల్లీమీటర్ల చెక్క 40 నిమిషాలకు పైగా నిలవాలి. కానీ తలుపు ఓడిపోయేది మధ్యలో కాదు, అంచుల దగ్గర, గొళ్ళెం దగ్గర, బందుల దగ్గర. మన టేకు తలుపులను చూడండి. చుట్టూ చట్రం మందంగానే ఉంటుంది, మధ్యలో బిగించిన పలకలు మాత్రం పల్చన. మంట అక్కడి నుంచే దారి చేసుకుంటుంది. లోపల డొల్లగా ఉండి, అట్ట గూళ్ళతో నింపిన చవక ఫ్లష్ డోర్లయితే కొద్ది నిమిషాలే. పీవీసీ తలుపు సంగతి చెప్పనక్కర్లేదు, అది మెత్తబడి వంగిపోవడమే కాక ఘాటైన ఆమ్లపు పొగ కూడా వదులుతుంది.

పరీక్షించే పద్ధతి ఆసక్తికరం. తలుపును దాని దర్వాజాతో సహా ఒక కొలిమికి మూతలా బిగిస్తారు. కొలిమి వేడిని అంతర్జాతీయంగా ఒప్పుకున్న ఒక రేఖ ప్రకారం పెంచుతారు: 5 నిమిషాలకు సుమారు 576 డిగ్రీల సెల్సియస్, 20 నిమిషాలకు 780, అరగంటకు 842. అవతలి వైపు మంట కనిపించేదాకా పట్టిన సమయమే ఆ తలుపు స్థాయి. గమనించాల్సిందేమంటే, పరీక్ష నెగ్గింది తలుపు రెక్క ఒక్కటే కాదు. దర్వాజా, బందులు, గడియ, అంచు పట్టీ అన్నీ కలిసి నెగ్గాయి. ఇంటికి తెచ్చాక వడ్రంగి చేత కొత్త తాళానికి బెజ్జం వేయించినా, పిల్లి వచ్చిపోవడానికి కింద కంత పెట్టించినా ఆ పరీక్ష ఫలితం ఇక చెల్లదు.

ఆ అంచు పట్టీలో గ్రాఫైట్ వంటి పదార్థం ఉంటుంది. సుమారు 200 డిగ్రీలు దాటగానే అది పూరీలా ఉబ్బి, రెక్కకూ దర్వాజాకూ మధ్య ఉన్న సందును పూడ్చేస్తుంది. గోడవైపు ఇదే పని జిప్సం బోర్డు చేస్తుంది, మన ఫాల్స్ సీలింగులో వాడేదే. జిప్సం బరువులో దాదాపు ఐదో వంతు నీరు, స్ఫటికంలో బంధించి ఉంటుంది. వేడి తగిలితే ఆ నీరు ఆవిరై పోతుంది, అది పూర్తయ్యేదాకా బోర్డు వెనుక ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. అమెరికా ఇళ్ళ గోడలు కలప చట్రాలు గనుక గ్యారేజీ వైపు కనీసం అరంగుళం జిప్సం బోర్డు తప్పనిసరి. పైన గది ఉంటే గ్యారేజీ కప్పుకు ఇంకా మందమైనది, గాజు నారలు కలిపింది వేయాలి.

మన దగ్గర పరిస్థితి తిరగబడి ఉంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ గంటల తరబడి మంటను తట్టుకుంటుంది. పోర్టికో రెండు మూడు వైపులా తెరిచి ఉంటుంది కాబట్టి ఆవిరీ పొగా బయటికి పోతాయి. బలహీనమైనవి తలుపు, మెట్లదారి. కానీ స్థలం కలిసొస్తుందని పోర్టికోకు షట్టర్ బిగిస్తే, స్టిల్టు పార్కింగును గోదాముగా మారిస్తే గాలి ఆడటమనే ఆ రక్షణ కాస్తా పోతుంది.

హైదరాబాద్ ఈ పాఠాన్ని రెండుసార్లు చూసింది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ మెట్లదారి గుండా పైనున్న లాడ్జి గదుల్లోకి వ్యాపించింది. 8 మంది చనిపోయారు. 2023 నవంబరు 13 ఉదయం నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో నివసించే 9 మంది మరణించారు. అక్కడ కారు మరమ్మతు చేస్తుండగా రవ్వలు పడ్డాయని అప్పట్లో ప్రాథమికంగా చెప్పారు. రెండు చోట్లా నిప్పు పుట్టింది కింద, ప్రాణాలు పోయింది పైన. మెట్లదారి పొగగొట్టంలా పని చేసింది.

నిజానికి మన జాతీయ భవన నియమావళి ఈ ప్రమాదాన్ని ఊహించింది. సెల్లారు మెట్లలోకి నేల అంతస్తులో బయటి గాలి నుంచే ప్రవేశం ఉండాలని, సెల్లారు పొగ పైఅంతస్తుల దారికి అడ్డు రాకూడదని అందులో ఉంది. అగ్నినిరోధక తలుపులకు ఐఎస్ 3614 అనే భారతీయ ప్రమాణమూ ఉంది. పెద్ద భవనాలకు అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి కాబట్టి వాటిలో ఆ తలుపులు కనిపిస్తాయి. నాలుగైదు అంతస్తుల మామూలు అపార్టుమెంట్లలో మాత్రం పార్కింగు నుంచి మెట్లదారికి అసలు తలుపే ఉండదు. మెట్ల కింద మీటర్ల బోర్డు, దాని పక్కనే రాత్రంతా చార్జింగులో స్కూటర్లు. లిథియం అయాన్ బ్యాటరీలో ఒక గది వేడెక్కి అదుపు తప్పితే, అది హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వంటి మండే వాయువులను తానే పుట్టించుకుని పక్క గదులకూ అంటిస్తుంది. మెట్లదారిలో దానికి చోటివ్వడం కంటే అజాగ్రత్త ఇంకొకటి నాకు తోచదు.

ఇరవై నిమిషాలు సరిపోతాయా అంటే, ఇల్లు కాపాడటానికి సరిపోవు. పొగ అలారం మోగి, పిల్లల్నీ పెద్దవాళ్ళనూ లేపి బయటపడటానికి సరిపోతాయి. అమెరికాలో చేసిన ప్రయోగాల్లో ఇల్లు మండుతుండగా తలుపు తెరిచి ఉన్న గదిలో వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటింది, మూసిన తలుపు వెనుక గదిలో 40 డిగ్రీల లోపే ఉంది.

మీ ఇంట్లో అలాంటి తలుపు ఉంటే పరీక్ష తేలిక. జానెడు తెరిచి వదిలేయండి. అది మూసుకోవడమే కాదు, గడియ నాలుక టక్కుమని దర్వాజాలో పడాలి. మంట పుట్టగానే గదిలో గాలి వ్యాకోచించి తలుపును నెడుతుంది, గడియ పడని తలుపును అది తెరిచేస్తుంది. నాలుక పడకపోతే బందుల స్క్రూలు బిగించండి, స్ప్రింగు బిగువు పెంచండి. అంచు పట్టీ మీద పెయింటరు రంగు పూసేశాడేమో కూడా ఓసారి చూడండి.